లండన్ పాత థియేటర్లలో నాటకం చూడటం ఎలా: సీటు కొనడం నుంచి బయటికొచ్చే దాకా

లండన్‌లో థియేటర్లు ఎక్కువగా ఉండే వెస్ట్ ఎండ్‌లో నాటకమో మ్యూజికలో (పాటలు, నృత్యాలతో నడిచే నాటకం) చూడాలని టికెట్లు కొనేటప్పుడు మనవాళ్లు తరచూ ఒకచోట బోల్తా పడతారు. మన సినిమా హాళ్లలో నేల టికెట్ చవక, బాల్కనీ ఖరీదు. అదే లెక్క మనసులో పెట్టుకుని, బాల్కనీ ఇంత తక్కువకే వస్తోందని సంబరపడి నలుగురికీ కొనేస్తారు. తీరా వెళ్లాక నాలుగు అంతస్తుల మెట్లెక్కి, కప్పుకు దగ్గరగా, మోకాళ్లు ముందు సీటుకు తగులుతుండగా, నటుల నడినెత్తి చూస్తూ రెండున్నర గంటలు కూర్చోవాలి. అక్కడ వరస తలకిందులు. నేల మీది సీట్లు ఖరీదు, పైకి పోయేకొద్దీ చవక.

ఏ నాటకం చూడాలన్నది మీ ఇష్టం. ఆ సాయంత్రం హాయిగా గడుస్తుందా, మెడ పట్టేస్తుందా అన్నది మాత్రం నూటపాతికేళ్ల నాటి ఆ కట్టడం చేతిలో ఉంటుంది. అందుకే నాటకం పేరు చూసినంత శ్రద్ధగా హాలు పటం కూడా చూడండి.

ముందు అంతస్తుల లెక్క తెలుసుకోండి

వెస్ట్ ఎండ్ థియేటర్లలో ఎక్కువ భాగం 1880లకూ మొదటి ప్రపంచ యుద్ధానికీ మధ్య కట్టినవి. ఇంకా పాతవీ ఉన్నాయి. థియేటర్ రాయల్ హేమార్కెట్ 1821లో జాన్ నాష్ రూపకల్పన చేసింది. థియేటర్ రాయల్ డ్రూరీ లేన్ ఇప్పటి భవనం 1812 నాటిది. అదే స్థలంలో కట్టిన నాలుగో థియేటర్ అది, మూడోది 1809లో తగలబడిపోయింది.

కింద ఉండేవి స్టాల్స్. వాటి మీద మొదటి మేడ డ్రెస్ సర్కిల్, కొన్నిచోట్ల దాన్నే రాయల్ సర్కిల్ అంటారు. ఆపైన అప్పర్ సర్కిల్ లేదా గ్రాండ్ సర్కిల్, అన్నిటికంటే పైన బాల్కనీ లేదా గ్యాలరీ. గ్రాండ్ అన్న పేరు చూసి గొప్ప సీటు అనుకోవద్దు. ప్యాలెస్ థియేటర్లోనూ డ్రూరీ లేన్‌లోనూ గ్రాండ్ సర్కిల్ అంటే రెండో మేడ.

ఇంకో సంగతి. చాలా పాత థియేటర్లలో స్టాల్స్ వీధి మట్టం కంటే కిందికి ఉంటాయి. లోపలికి అడుగుపెట్టాక డ్రెస్ సర్కిల్‌కు పెద్దగా మెట్లు ఉండవు, స్టాల్స్‌కు మాత్రం దిగాలి. పికడిల్లీ సర్కస్‌లో 1874 నాటి క్రైటీరియన్ అయితే దాదాపు మొత్తం భూగర్భంలోనే ఉంది. "కింది సీట్లు కొన్నాం, మెట్ల గొడవ ఉండదు" అనుకుని మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్తే ఇబ్బంది పడేది ఇక్కడే.

ఒకప్పుడు అక్కడ కూడా నేల చవకే. పిట్ అని పిలిచే ఆ చోట వీపు ఆనించుకోను వీల్లేని బల్లలుండేవి. పంతొమ్మిదో శతాబ్దంలో యజమానులు ముందు వరుసల్లో కుర్చీలు వేసి ధర పెంచుతూ పిట్‌ను వెనక్కి నెట్టుకుంటూ పోయారు. 1880లో హేమార్కెట్‌ను నడిపిన నటుడు స్క్వైర్ బాంక్రాఫ్ట్ పిట్‌ను పూర్తిగా ఎత్తేస్తే, మొదటి రాత్రి ప్రేక్షకులు కేకలు వేసి ఆట మొదలవకుండా కాసేపు ఆపారు. అయినా కుర్చీలే గెలిచాయి. బల్లలు పై అంతస్తుల్లో మిగిలాయి. తర్వాత ఆ బల్లలూ తీసి కుర్చీలు బిగించారు గానీ, కింది కాంక్రీటు మెట్ల వెడల్పు మారలేదు. పైన కాళ్లు చాపుకోవడానికి చోటు లేకపోవడానికి కారణం అదే.

సీటు ఎంచుకోవడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. హాలు పటం తెరిచి ఐదు విషయాలు చూడండి.

మొదటిది స్తంభాలు. 1890లకు ముందు కట్టిన హాళ్లలో మేడల బరువు మోయడానికి పోత ఇనుప స్తంభాలు నిలబెట్టేవారు. ఆ తర్వాత ఉక్కు దూలాలను వెనక గోడలోకి దిగగొట్టి, ముందువైపు ఆసరా లేకుండా మేడను గాలిలోకి చాపడం నేర్చుకున్నారు. 1891 నాటి ప్యాలెస్ ఆ పద్ధతిలో కట్టిన తొలి థియేటర్లలో ఒకటి. వాస్తుశిల్పి ఫ్రాంక్ మాచమ్ కట్టిన కొలీజియం (1904), పలాడియం (1910) అంత పెద్దవైనా హాలు విశాలంగా, అడ్డు లేకుండా కనిపించడం ఈ ఉక్కు వల్లే. కొలీజియంలో 2,359 సీట్లు పడతాయి. కాబట్టి హాలు ఏ ఏడాది కట్టారో చూస్తే స్తంభాల బెడద ఎంత ఉంటుందో సగం తెలిసిపోతుంది.

రెండోది తలమీది మేడ. స్టాల్స్‌లో వెనక వరుసల మీద డ్రెస్ సర్కిల్ చూరులా ముందుకు వాలి ఉంటుంది. అక్కడ కూర్చుంటే రంగస్థలం పైభాగం తెగిపోతుంది. సెట్టు మేడ మీద నటుడు నిలబడితే నడుం దాకానే కనిపిస్తాడు. ధ్వని కూడా ఆ చూరు కింద కాస్త అణిగిపోతుంది. అదే లోపం డ్రెస్ సర్కిల్ వెనక వరుసలకూ ఉంటుంది, ఎందుకంటే దాని మీద ఇంకో మేడ ఉంది. నలుగురు మనుషులు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకునే నాటకమైతే ఈ సీట్లు చవక బేరమే. పెద్ద సెట్లు, పైనుంచి దిగే సరంజామా ఉన్న మ్యూజికల్‌కు మాత్రం వద్దు.

మూడోది పక్క సీట్లు. పాత హాళ్లు గుర్రపు లాడం ఆకారంలో ఉంటాయి. ఎడమ చివర కూర్చుంటే వేదిక ఎడమ మూల పోతుంది, కుడి చివర కూర్చుంటే కుడి మూల పోతుంది. గోడకు అతుక్కున్న బాక్సులు చూడటానికి రాజసంగా ఉంటాయి. వాటిలో కూర్చున్నవాళ్లు ఇతరులకు కనిపించడం కోసం కట్టించుకున్నవి అవి. వాటిలోంచి వేదికలో మూడో వంతు దాకా కనిపించకపోవచ్చు, మెడ ఒకవైపే తిప్పి ఉంచాలి.

నాలుగోది కమ్మీ. అప్పర్ సర్కిల్, బాల్కనీలలో మొదటి వరుస ముందు పిట్టగోడ, దాని మీద భద్రత కోసం ఇనుప కమ్మీ ఉంటాయి. ఎత్తు తక్కువున్న వాళ్లకు కమ్మీ సరిగ్గా కళ్లకు అడ్డొస్తుంది. పిట్టగోడ వల్ల కాళ్లకూ చోటుండదు. పై అంతస్తుల్లో మొదటి వరుస వదిలి రెండు, మూడు వరుసల మధ్య సీట్లు చూడండి. పొడుగువాళ్లకు నడవ పక్క సీటే మందు, ఒక కాలైనా బయటికి చాపుకోవచ్చు. స్టాల్స్ మొదటి వరుసకు ఇంకో లోపం ఉంది. వేదిక ఎత్తుగా ఉంటే నటుల పాదాలు కనిపించవు. నృత్యం ఎక్కువున్న ప్రదర్శనకు అది పెద్ద నష్టం.

ఐదోది ఏటవాలు. పై మేడల్లోని వాళ్లకు ముందువాళ్ల తలలు అడ్డు రాకూడదని మెట్లు నిటారుగా కట్టారు. ప్యాలెస్ బాల్కనీలో సీటు దాకా దిగుతుంటే చాలామందికి కాళ్లలో వణుకు పుడుతుంది. ఎత్తంటే భయమున్నవాళ్లు అప్పర్ సర్కిల్ దాటి పైకి పోవద్దు.

ఇవన్నీ కలిపి చూస్తే మా మాట ఇది. డబ్బుకు వెనకాడకపోతే డ్రెస్ సర్కిల్ మొదటి నాలుగు వరుసల మధ్య భాగం. నటుల ముఖాల్లో కదలిక దగ్గరగా చూడాలంటే స్టాల్స్ ఐదో వరుస నుంచి పదో వరుస దాకా. చేతిలో తక్కువుంటే అప్పర్ సర్కిల్ మధ్యలో రెండో, మూడో వరుస. అక్కడి నుంచి ముఖాలు చిన్నగా కనిపిస్తాయి, కానీ సమూహ నృత్యాల్లో వేదిక మీద గీసినట్టు ఏర్పడే ఆకృతులు స్టాల్స్‌లో వాళ్లకంటే మీకే బాగా తెలుస్తాయి.

టికెట్ మీద "రిస్ట్రిక్టెడ్ వ్యూ" అని ఉంటే అంతటితో వదిలేయకండి. అడ్డు స్తంభమా, కమ్మీయా, చూరా, పక్క కోణమా అన్నది కనుక్కోండి. సన్నటి స్తంభమైతే కాస్త పక్కకు జరిగితే సరిపోతుంది, పక్క కోణమైతే ఏం చేసినా లాభం లేదు. సీట్‌ప్లాన్, థియేటర్‌మంకీ సైట్లలో సీటు నంబరు వారీగా చూసినవాళ్ల అభిప్రాయాలుంటాయి. సీట్‌ప్లాన్‌లో ఆ సీట్లోంచి తీసిన ఫొటోలు కూడా దొరుకుతాయి. కొనేముందు ఆ ఫొటో చూడటం ఒక్కటి అలవాటు చేసుకున్నా చాలు.

టికెట్ కొనడం

ముందు థియేటర్ సొంత సైటులో ధర చూడండి. అదే సీటు ఇతర సైట్లలో బుకింగ్ రుసుం కలుపుకుని ఎక్కువ పడొచ్చు. పేరున్న ప్రదర్శనకు మధ్య స్టాల్స్ 100 పౌండ్లు దాటడం మామూలే. పై అంతస్తులో 20, 30 పౌండ్లలో దొరుకుతాయి. శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం ఆట చూస్తే ధర తగ్గుతుంది. జనవరిలోనూ అంతే. చాలా థియేటర్లకు ఆదివారం సెలవు.

అప్పటికప్పుడు చవకగా కావాలంటే రెండు దారులున్నాయి. లెస్టర్ స్క్వేర్‌లో 1980 నుంచి నడుస్తున్న టీకేటీఎస్ (TKTS) బూత్ ఒకటి. అక్కడ ఆ రోజు, ఆ దగ్గరి రోజుల్లో మిగిలిన టికెట్లు తగ్గింపు ధరకు అమ్ముతారు. దాని చుట్టుపక్కల అదే తరహా బోర్డులు పెట్టుకున్న దుకాణాలుంటాయి, చౌరస్తాకు దక్షిణం వైపు గడియారం ఉన్న చిన్న భవనమే అసలుది. రెండోది టుడేటిక్స్ యాప్‌లో ఉదయం పూట వదిలే రష్ టికెట్లు. వీటిలో సీటు మీ ఎంపిక కాదు, వాళ్లిచ్చింది తీసుకోవాలి. నలుగురు కలిసి కూర్చోవాలంటే ఈ దారి పట్టొద్దు.

ఒక పేరున్న నటుడి కోసమే వెళ్తుంటే ఆయన వారంలో ఏ ఆటలు ఆడడో సైటులో చూసి కొనండి. ఆ రోజు ఆయన బదులు మరొకరు వేస్తే సాధారణంగా డబ్బు వెనక్కి ఇవ్వరు.

ఇంటి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్తుంటే

పాత థియేటర్లలో చాలావాటికి పై అంతస్తులకు లిఫ్టు ఉండదు. కొత్తగా పెట్టడానికి ఆ చారిత్రక గోడల మధ్య చోటు లేదు. మెట్లు లేకుండా చేరగలిగేది సాధారణంగా ఏదో ఒక్క అంతస్తే. సైటులో "యాక్సెస్" పేజీ తీస్తే ఏ అంతస్తుకు ఎన్ని మెట్లో రాసి ఉంటుంది. అందులో లేకపోతే ఫోన్ చేసి అడగండి, ఓపిగ్గా చెబుతారు. చక్రాల కుర్చీ వాడేవాళ్లకూ తోడొచ్చే మనిషికీ తగ్గింపు ధర ఉంటుంది, అదీ ఆ ఫోన్లోనే అడగాలి.

ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, వేగంగా మాట్లాడితే అందదు అనే పెద్దవాళ్లకు క్యాప్షన్ ప్రదర్శన బాగుంటుంది. కొన్ని తేదీల్లో వేదిక పక్కన తెర మీద మాటలన్నీ అక్షరాల్లో వస్తాయి. ఆ తెర ఏవైపు పెడతారో అడిగి దానికి తగ్గ సీట్లు తీసుకోండి. ఒకవేళ అలాంటి తేదీ దొరక్కపోతే కథ ముందే తెలుగులో చెప్పి తీసుకెళ్లండి. మాటల నాటకం కంటే మ్యూజికల్ వాళ్లకు తేలిగ్గా ఎక్కుతుంది.

చంటిపిల్లలను చాలాచోట్ల రానివ్వరు. కనీస వయసు మూడేళ్లా, ఐదేళ్లా అన్నది ప్రదర్శనను బట్టి ఉంటుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే కుదరదు, ప్రతి బిడ్డకూ టికెట్ ఉండాలి. స్టాల్స్ వాలు తక్కువ కాబట్టి ముందు పెద్దమనిషి కూర్చుంటే పిల్లలకు ఏమీ కనిపించదు. ఎత్తు కోసం వేసే దిండ్లు సిబ్బంది దగ్గర ఉంటాయి, కొద్దిగానే ఉంటాయి కాబట్టి లోపలికి వెళ్లగానే అడగండి.

బయలుదేరే ముందు చిరునామా సరిచూసుకోండి

ఒకేలాంటి పేర్లు చాలా ఉన్నాయి. కేంబ్రిడ్జ్ సర్కస్‌లో ఉన్నది ప్యాలెస్, విక్టోరియా స్టేషన్ దగ్గరున్నది విక్టోరియా ప్యాలెస్. అపోలో షాఫ్ట్స్‌బరీ అవెన్యూలో ఒకటి, విక్టోరియాలో ఒకటి, హామర్‌స్మిత్‌లో ఒకటి. లిరిక్‌లు రెండు. థియేటర్ రాయల్ హేమార్కెట్‌కూ డ్రూరీ లేన్‌కూ మధ్య పావుగంట నడక. పైగా థియేటర్ రాయల్ డ్రూరీ లేన్ ముఖద్వారం డ్రూరీ లేన్‌లో ఉండదు, క్యాథరీన్ స్ట్రీట్‌లో ఉంటుంది. ఫోన్ మ్యాపులో పేరు బదులు పోస్ట్‌కోడ్ కొట్టండి.

సాయంత్రం ఆట ఎక్కువగా ఏడున్నరకు, కొన్ని ఏడింటికే మొదలవుతాయి. హాలు తలుపులు అరగంట ముందు తెరుస్తారు. ముప్పావుగంట ముందే అక్కడుండండి. ఆలస్యమైతే వెంటనే లోపలికి పంపరు. పాట ముగిసేదాకానో సన్నివేశం మారేదాకానో బయటే నిలబెడతారు, ఒక్కోసారి విరామం దాకా. సంచులు తనిఖీ చేస్తారు. సూట్‌కేసుతో స్టేషన్ నుంచి నేరుగా వస్తే లోపలికి రానివ్వకపోవచ్చు. బయటి తిండి వద్దంటారు, మంచినీళ్ల సీసాకు అభ్యంతరం ఉండదు.

బట్టల నియమం ఏమీ లేదు. పట్టుచీర కట్టుకున్నా, జీన్స్ వేసుకున్నా ఎవరూ పట్టించుకోరు. పొరలు పొరలుగా వేసుకోవడం మాత్రం ముఖ్యం. చలికాలంలో కూడా పై అంతస్తులో ఉక్కగా ఉంటుంది, వేడిగాలి అంతా అక్కడికే చేరుతుంది. లావు కోటు ఒళ్లో పెట్టుకుని ఆ ఇరుకులో కూర్చోవడం నరకం. క్లోక్‌రూమ్ ఉంటే అక్కడ ఇచ్చేయండి.

ముఖద్వారం దగ్గర మీ టికెట్ మీది అంతస్తు పేరు చూసుకోండి. బాల్కనీకి పక్క సందులోంచి వేరే తలుపు ఉండొచ్చు. చవక టికెట్ జనం, సంపన్న జనం మెట్ల మీద కూడా కలవకూడదని అప్పట్లో అలా కట్టారు.

లోపలికి వెళ్లాక

సీట్లో కూలబడేముందు ఐదు నిమిషాలు హాలు చూడండి. ఫొటోలు తీసుకోవాల్సిందీ ఇప్పుడే, ఆట మొదలయ్యాక ఒక్కటి కూడా తీయనివ్వరు. కప్పు మీది పూలతీగలు, దేవతా బొమ్మలు రాతివి కావు. ప్లాస్టర్‌ను గోనెగుడ్డ మీద పోసి, అచ్చు తీసి, పైనుంచి గోనె కట్లతో వేలాడదీసినవి. 2013 డిసెంబర్ 19న షాఫ్ట్స్‌బరీ అవెన్యూలోని అపోలోలో ఆట మధ్యలో కప్పు భాగం కూలింది. పాతబడిన ఆ గోనె కట్లు పట్టు కోల్పోవడమే కారణమని తేలింది. ఆ తర్వాత ఇలాంటి కప్పుల తనిఖీని కట్టుదిట్టం చేశారు.

డ్రూరీ లేన్‌కు వెళ్తే మెట్ల దగ్గర ఆగి రెండు తలుపుల మీది అక్షరాలు చదవండి. ఒకటి రాజుగారి వైపు, ఇంకొకటి యువరాజుగారి వైపు. మూడో జార్జికీ ఆయన కొడుకుకూ పడకపోవడంతో ఎదురుపడకుండా వేర్వేరు దారులు ఏర్పాటు చేశారు.

కూర్చున్నాక గుర్తుంచుకోవాల్సిన మర్యాద ఒకటే పెద్దది. మేడల్లో కూర్చున్నప్పుడు ముందుకు వంగొద్దు. మీ తల ఆరంగుళాలు ముందుకు జరిగితే వెనక వరుసలో వాళ్లకు వేదిక నడిమధ్య మాయమవుతుంది, వాళ్లూ వంగుతారు, ఇక ఆ వరుసలన్నీ వంగుతూ పోతాయి. వీపు ఆనించి కూర్చునే లెక్కలోనే ఆ మెట్లు కట్టారు. ఫోన్ వైబ్రేషన్‌లో కాదు, పూర్తిగా ఆపేయండి. ఈ హాళ్లు మైకుల్లేని కాలంలో మనిషి గొంతు పై వరుస దాకా వినపడేలా కట్టినవి. చాక్లెట్ కాగితం విప్పిన చప్పుడు కూడా అంతే బాగా వినపడుతుంది.

మ్యూజికల్‌లో పాట ముగియగానే చప్పట్లు కొడతారు, మాటల నాటకంలో అంకం ముగిశాక. మన పద్యనాటకాల్లోలా "వన్స్ మోర్" అంటే పాట మళ్లీ పాడరు. ఆ అభిమానమంతా చివర నటులు వరుసగా వచ్చి తలవంచినప్పుడు చూపించండి, ఈల వేసినా తప్పుపట్టరు.

విరామంలో

పదిహేను, ఇరవై నిమిషాలే ఉంటుంది. ఆడవాళ్ల టాయిలెట్లు తక్కువ, క్యూ మెట్ల దాకా వస్తుంది. దీపాలు వెలగగానే లేవండి, లేదా మొదటి రద్దీ తగ్గాక చివరి ఏడెనిమిది నిమిషాల్లో వెళ్లండి. మధ్యలో వెళ్తేనే చిక్కు. బార్లో పానీయం కావాలంటే ఆట మొదలవకముందే డబ్బు కట్టి చెప్పుకోవచ్చు, విరామానికి మీ పేరుతో బల్ల మీద సిద్ధంగా ఉంటుంది. నడవలో సిబ్బంది చిన్న కప్పుల్లో ఐస్‌క్రీం అమ్ముతారు. చెంచా ఇవ్వలేదని వెతుక్కోకండి, మూత లోపలే ఉంటుంది.

అందరూ లేచి వెళ్లినా ఒక్క నిమిషం వేదిక వైపు చూడండి. పెద్ద తెర ఒకటి నిటారుగా దిగుతుంది. అది అగ్నినిరోధక తెర. 1887 సెప్టెంబర్ 5న ఎక్సెటర్ నగరంలోని థియేటర్ రాయల్‌లో వేదిక మీది తెరకు గ్యాస్ దీపం అంటుకుని మంటలు లేచాయి. 186 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బయటికి ఒక్కటే దారి ఉన్న గ్యాలరీ జనం. ఆ హాలు రూపకర్త సి. జె. ఫిప్స్ లండన్‌లోనూ సవాయ్, లిరిక్, ఇప్పటి హిజ్ మెజెస్టీస్ లాంటివి కట్టినవాడే. ఆ ఘోరం తర్వాత ప్రతి అంతస్తుకూ వేర్వేరు మార్గాలు, వేదికకూ హాలుకూ మధ్య అగ్నినిరోధక తెర ఉండాలన్న నిబంధనలు బిగిశాయి. ఆ తెర పనిచేస్తోందని ప్రేక్షకుల కళ్లముందే ప్రతి ఆటలో ఒకసారి దించి చూపాలి. అందుకే అది దిగేది మీరు హాల్లో ఉండగానే.

ఆట అయ్యాక

చివర్లో అన్ని తలుపులూ తెరిచేస్తారు. ఎక్కువమంది వచ్చిన దారిన కాకుండా దగ్గరి మెట్లలోంచి పక్క సందులోకో వెనక వీధిలోకో బయటపడతారు. ఒకే కుటుంబంలో కొందరు స్టాల్స్‌లో, కొందరు పైన కూర్చుంటే ఒకరికొకరు కనిపించరు. అందరి ఫోన్లూ ఆపేసి ఉంటాయి. ఎక్కడ కలుసుకోవాలో లోపలికి వెళ్లేముందే చెప్పుకోండి, మూలనున్న దుకాణమైనా సరే, ముఖద్వారం మాత్రం వద్దు, అక్కడ వెయ్యిమంది ఉంటారు. పది, పదిన్నరకు ఆట అయిపోతుంది కాబట్టి ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) దొరుకుతుంది. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్లు ఆ సమయానికి కిక్కిరిసిపోతాయి, హోల్బర్న్ దాకానో చారింగ్ క్రాస్ దాకానో నడిస్తే నయం. శుక్ర, శనివారాల్లో సెంట్రల్, జూబిలీ, నార్తర్న్, పికడిల్లీ, విక్టోరియా లైన్ల మీద రాత్రంతా రైళ్లుంటాయి. అవి కూడా ఆ లైన్లలో అన్ని స్టేషన్లకూ వెళ్లవు, మీ స్టేషన్ ఉందో లేదో ముందే చూసుకోండి.